8వ తరగతి గణితంలో మార్కులు పెంచడానికి చర్యాత్మక పరిశోధన: ఈ ప్లాన్ నిలబడుతుందా?

లెక్కల_బెంచీ అడిగిన ప్రశ్న:

నమస్కారం. జిల్లా పరిషత్ హైస్కూలు, తెలంగాణ. 8వ తరగతికి రెండు సెక్షన్లు. ఎక్కువమంది కూలి కుటుంబాల పిల్లలు, కొందరు తండాల నుంచి ఆటోల్లో వస్తారు. ఎఫ్‌ఏ-1 (మొదటి నిర్మాణాత్మక మూల్యాంకనం) గణితంలో బి సెక్షన్ (34 మంది) బాగా వెనకబడింది. చర్యాత్మక పరిశోధన (టీచరే తన తరగతి సమస్య మీద ఒక పద్ధతి పెట్టి ఫలితం కొలిచి చూడటం) రిపోర్టు ఎలాగూ ఇవ్వాలి, అదేదో పిల్లలకు పనికొచ్చేలా చేద్దామని ఆలోచన.

ప్లాన్ ఇది: అందరికంటే తక్కువ మార్కులొచ్చిన 12 మందికి బడి అయ్యాక గంట స్పెషల్ క్లాసు, ఎస్‌ఏ-1 (మొదటి సంగ్రహణాత్మక మూల్యాంకనం, అంటే అర్ధ సంవత్సర పరీక్ష) దాకా. ఎఫ్‌ఏ-1 మార్కులు ప్రీ టెస్ట్, ఎస్‌ఏ-1 మార్కులు పోస్ట్ టెస్ట్. సగటు పెరిగితే పద్ధతి పనిచేసినట్టు. టైటిల్ "8వ తరగతి విద్యార్థుల గణిత సామర్థ్యాల పెంపుదల". లోపాలుంటే మొదలుపెట్టకముందే చెప్పండి.

హారం_లవం:

టైటిల్ దగ్గరే ఇబ్బంది ఉందండీ. "గణిత సామర్థ్యాలు" మొత్తం ఒక్క టర్మ్‌లో ఎవరూ పెంచలేరు, పెరిగాయో లేదో కొలవనూ లేరు. పిల్లలు ఆగిపోతున్న చోటు ఒక్కటి పట్టుకోండి. 8వ తరగతి పుస్తకం అకరణీయ సంఖ్యలతోనే మొదలవుతుంది కాబట్టి చాలా బళ్ళలో ఆ చోటు భిన్నాలే. అవి రానివాళ్ళకు తర్వాత సమీకరణాలు, అనుపాతం, వడ్డీ లెక్కలు వరసగా కుంటుతాయి. "బి సెక్షన్ పిల్లలు వేర్వేరు హారాలున్న భిన్నాల కూడిక, తీసివేత, పద సమస్యల్లో చేసే తప్పులు తగ్గించడం" అని పెట్టుకుంటే కొలవడానికి ఏదో ఒకటి చేతికి దొరుకుతుంది.

రెండోది, మీ ప్లాన్‌లో మందు ఉంది, రోగ నిర్ధారణ లేదు. "స్పెషల్ క్లాసు" అనేది ఎప్పుడు చెబుతారనే మాటే. ఏం చెబుతారన్నది ఇంకా తేలలేదు. ఈ లెక్క చూడండి:

"ఒక డ్రమ్ములో 3/4 వంతు నీళ్ళున్నాయి. ఆ నీళ్ళలో 1/3 వంతు వాడేశారు. డ్రమ్ములో ఇంకా ఎంత వంతు నీళ్ళున్నాయి?"

సరైన జవాబు 1/2. పిల్లల పేపర్లలో మామూలుగా కనిపించే తప్పులు రెండు. ఒకటి 2: లవంలోంచి లవం (3−1), హారంలోంచి హారం (4−3) తీసేసి 2/1 రాస్తారు. ముప్పావు డ్రమ్ములోంచి నీళ్ళు వాడితే రెండు డ్రమ్ములు మిగిలాయన్నమాట! ఇంకొకటి 5/12: కసాగు తీసి 9/12 − 4/12 తప్పులేకుండా చేశారు, కానీ "ఆ నీళ్ళలో" అన్న మాట వదిలేసి డ్రమ్ములోనే 1/3 అనుకున్నారు. మార్కుల రిజిస్టర్‌లో ఇద్దరికీ సున్నా. ఇద్దర్నీ ఒకే స్పెషల్ క్లాసులో కూర్చోబెట్టి ఇరవై తీసివేతలు చేయిస్తే రెండోవాడికి అది శుద్ధ దండగ, వాడికి తీసివేత వచ్చు.

అందుకని ముందు ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడగండి. ఆస్ట్రేలియాకు చెందిన ఆన్ న్యూమన్ 1977లో ఇచ్చిన వరస దీనికి బాగా పనికొస్తుంది. పిల్ల తప్పు చేసిన లెక్కనే మళ్ళీ ముందు పెట్టి ఐదు అడగాలి:

1. ఈ లెక్క పైకి చదువు.
2. ఏం కనుక్కోమన్నారో నీ మాటల్లో చెప్పు.
3. ఎట్లా చేస్తావు? కలుపుతావా, తీసేస్తావా, ఇంకేమైనానా?
4. చెయ్యి, చేస్తూ ఏమనుకుంటున్నావో బయటికి చెప్పు.
5. ఇప్పుడు జవాబు పూర్తిగా రాయి.

ఎన్నో ప్రశ్న దగ్గర తొలిసారి ఆగిందో ఆ అంకె ఒక్కటే రాసుకోండి. మధ్యలో సాయం చేయకూడదు. టీచర్లకు అన్నింటికంటే కష్టమైన పని ఇదే, "అట్లా కాదురా" అని నోటి చివరిదాకా వస్తుంది. 1, 2 దగ్గర ఆగినవాళ్ళకు అదే లెక్క తెలుగులో ఇచ్చి చూడండి. మన పుస్తకాలు ఒక పేజీ ఇంగ్లిష్, పక్క పేజీ తెలుగు కదా. తెలుగులో చదవగానే చేసేస్తే వాళ్ళ సమస్య భిన్నాలు కాదు.

తర్వాత గుంపులు వాటంతటవే పడతాయి. జవాబుగా "2" రాసినవాళ్ళకు కాగితపు పట్టీలు మడవడం, సంఖ్యారేఖ మీద గుర్తించడం, లెక్క మొదలుపెట్టకముందే "జవాబు 1 కంటే ఎక్కువొస్తుందా, తక్కువా?" అని రాయించడం. "5/12" రాసినవాళ్ళకు కొన్నాళ్ళు జవాబే అడక్కండి. బొమ్మ గీసి, ప్రతి భిన్నం పక్కన "దేనిలో?" అని రాస్తే చాలు.

సగటు_చూడొద్దు:

పైన చెప్పింది బోధన సంగతి. నేను కొలత సంగతి చెబుతాను, మీ ప్లాన్ అసలు కూలేది అక్కడే.

ఎఫ్‌ఏ-1ని ఎస్‌ఏ-1తో పోల్చకూడదు. సిలబస్ వేరు, పేపరు వేరు, పైగా ఎఫ్‌ఏలో ప్రాజెక్టులు, రాత పనుల మార్కులు కలుస్తాయి. మీ పరీక్ష మీరే తయారుచేసుకోండి: 20 లెక్కలు, ఒక్కోటి 1 మార్కు. సమాన భిన్నాలు, పోలిక, కూడిక-తీసివేత, గుణకారం, పద సమస్యలు, ఒక్కోదానికి 4. నాలుగింటిలో 3 చేస్తే ఆ అంశం వచ్చినట్టు. బహుళైచ్ఛిక ప్రశ్నలు వద్దు. నాలుగు ఆప్షన్లుంటే ఏమీ రాని పిల్లవాడికి కూడా గుడ్డిగా టిక్కు పెడితే సగటున 20కి 5 వస్తాయి.

అదే కష్టం ఉండే రెండో సెట్ కూడా కావాలి. అంకెలు మారిస్తే సరిపోదు, హారాల సంబంధం మారకూడదు. 3/4 + 1/6కు జోడీగా 1/6 + 4/9 ఇవ్వొచ్చు, రెండింట్లోనూ హారాలకు ఒక ఉమ్మడి కారణాంకం ఉంది. 1/2 + 1/4 ఇచ్చారంటే రెండో పేపరు తేలికైపోయి, ఆ పెరుగుదల మీ ఖాతాలో పడుతుంది. ప్రీ టెస్ట్‌లో బేసి రోల్ నంబర్లకు సెట్ ఎ, సరి నంబర్లకు సెట్ బి ఇచ్చి, పోస్ట్ టెస్ట్‌లో తిప్పేయండి. పేపర్ల మధ్య తేడా సర్దుకుంటుంది, పక్కవాడిది చూసి రాయడమూ తగ్గుతుంది.

ఇప్పుడు ఆ 12 మంది సంగతి. ఏ పరీక్షలోనైనా అట్టడుగున ఉన్నవాళ్ళలో కొందరికి నిజంగా రాదు, కొందరికి ఆ రోజు జ్వరం. ఏమీ చేయకపోయినా వచ్చే పరీక్షలో ఈ రెండో రకం పైకొస్తారు, గుంపు సగటు లేస్తుంది. అందుకే "వెనకబడిన పిల్లలు" మీద చేసిన రిపోర్టులన్నీ విజయవంతమే! దీన్నుంచి బయటపడాలంటే ఎఫ్‌ఏ-1 మార్కులతో ఎంచండి, కానీ బేస్‌లైన్‌గా మాత్రం ఆ తర్వాత పెట్టిన మీ సొంత ప్రీ టెస్ట్‌నే తీసుకోండి. పరీక్ష 34 మందికీ పెట్టండి. చివర్లో మీరు ఈసారి ముట్టుకోని అంశం నుంచి, కోణాలనుకోండి, 5 ప్రశ్నలు అదనంగా చేర్చండి, వాటి మార్కులు 20లో కలపొద్దు. భిన్నాలతోపాటు కోణాలు కూడా అంతే పెరిగితే ఆ ఘనత మీ పద్ధతిది కాకపోవచ్చు.

తండా_రూటు:

సాయంత్రం క్లాసు గురించి ఎవరూ అనలేదేం? బడి వదిలాక గంట అంటే ఆటో పోతుంది. ఆటో లేనివాళ్ళు ఇంటికెళ్ళి తమ్ముళ్ళను చూసుకోవాలి, నీళ్ళు పట్టాలి. ఉండిపోయేవాళ్ళు బడి పక్కన ఇళ్ళున్నవాళ్ళు, ఎక్కువసార్లు వాళ్ళే కాస్త మెరుగు. మీకు కావలసిన 12 మందిలో సగం మంది మొదటి వారంలోనే జారిపోతారు.

గణితం పీరియడ్‌లోనే మొదటి 15 నిమిషాలు తీయండి. వారానికి 4 రోజులు, 6 వారాలు, మొత్తం 6 గంటలు. తక్కువే, కానీ అందరికీ అందే 6 గంటలు. శుక్రవారం 5 లెక్కల చీటీ: 3 ఈ వారానివి, 2 పాతవి. పాతవి లేకపోతే మొదటి వారం నేర్చింది ఐదో వారానికి ఆవిరి.

అక్టోబరు నుంచి పత్తి ఏరుడు మొదలైతే హాజరు పడిపోతుంది. జూలై, ఆగస్టుల్లో పని నడిపించి పోస్ట్ టెస్ట్ దసరా సెలవులకు ముందు పెట్టండి. బడి తెరిచిన వారం పది రోజుల్లో చెప్పకుండా ఇంకో చిన్న పరీక్ష. సెలవుల తర్వాత కూడా నిలిచిందే నేర్చుకున్నట్టు లెక్క.

పోస్ట్ టెస్ట్‌కు 34 మందిలో 27 మందే వస్తే ఆ 27 మందివే రెండుసార్లూ పోల్చండి. ముందు 34 మంది సగటు, తర్వాత 27 మంది సగటు రాస్తే, రానివాళ్ళు బలహీనులైనందుకే అంకె పెరిగి కనిపిస్తుంది. రాని 7 మంది ప్రీ టెస్ట్ మార్కులు విడిగా ఒక వరసలో చూపించండి.

లెక్కల_బెంచీ:

ముగ్గురికీ ధన్యవాదాలు. సాయంత్రం క్లాసు తీసేస్తున్నా. రెండు సందేహాలు. ఐదు ప్రశ్నల ముఖాముఖి 34 మందితో చేయడం కుదురుతుందా? ఎన్‌ఎంఎంఎస్ (8వ తరగతిలో రాసే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష) రాసే పిల్లల ఫలితాన్ని రిపోర్టులో చూపించవచ్చా?

హారం_లవం:

34 మంది అక్కర్లేదు. ప్రీ టెస్ట్ పేపర్లు ముందేసుకుని తప్పు జవాబులు ఒకే రకంగా ఉన్నవి కుప్పలుగా వేయండి, ఒక్కో కుప్ప నుంచి ముగ్గురు నలుగురు. అలా మొత్తం ఓ 12 మందికి తలా 10 నిమిషాలంటే 2 గంటలు, వారం రోజుల లీజర్ పీరియడ్లలో అయిపోతుంది. ఖాళీగా వదిలేసిన లెక్కలు కూడా ఒక కుప్పే, దాన్ని వదలొద్దు. అక్కడ చదవలేనివాళ్ళు దొరుకుతారు.

సగటు_చూడొద్దు:

ఎన్‌ఎంఎంఎస్ చూపించొద్దు. ఏడాదికి 12,000 రూపాయల చొప్పున 9వ తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా వస్తుంది కాబట్టి పిల్లల్ని రాయించడం మాత్రం తప్పనిసరి. కానీ మ్యాట్ (మానసిక సామర్థ్య పరీక్ష) 90, శాట్ (పాఠ్యాంశాల పరీక్ష) 90 ప్రశ్నల్లో భిన్నాల వాటా చిన్నది, పైగా నెగ్గేది ముందునుంచీ బాగా చదివేవాళ్ళే. మీరు పనిచేసింది వాళ్ళతో కాదు.

రిపోర్టులో 1946లో లెవిన్, 1953లో కోరీ అంటూ చర్యాత్మక పరిశోధన చరిత్రతో రెండు పేజీలు నింపే ఆనవాయితీ ఉంది, ఒక పేరా చాలు. ఆ జాగాలో ఒక పట్టిక పెట్టండి: రోల్ నంబరు, ప్రీ, పోస్ట్, సెలవుల తర్వాత, న్యూమన్ మెట్టు (ఐదింటిలో ఎన్నో ప్రశ్న దగ్గర ఆగారో) ముందు, తర్వాత. కింద ఎంతమందికి పెరిగింది, ఎంతమంది అక్కడే ఉన్నారు, ఎంతమందికి తగ్గింది. తగ్గినవాళ్ళ వరసలు తీసేయొద్దు, రెండో విడత మొదలుపెట్టాల్సింది వాళ్ళతోనే.