బాలింతకి నీళ్లు తాగనివ్వని అత్తగారితో గొడవైంది, తప్పు నాదేనా?

సిక్కోలు_సిస్టర్:
మాది శ్రీకాకుళం. గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, కాన్పులైన వాళ్ల వార్డులో చేరి ఏడు నెలలైంది. మొన్న మాచర్ల వైపు నుంచి ఒక లంబాడీ కుటుంబం వచ్చింది, సిజేరియన్. రెండో రోజుకే ఆ అమ్మాయి పెదాలు ఎండిపోతున్నాయి, అయినా అత్తగారు రోజుకి రెండు గ్లాసులకి మించి నీళ్లు ఇవ్వట్లేదు. బొజ్జ వస్తుందట, కుట్లు చీము పడతాయట. పైగా ముర్రుపాలు పిండి పారబోయించి బిడ్డ నాలుక మీద తేనె రాసింది. నాకు ఒళ్లు మండి, వార్డంతా వినపడేలా "బిడ్డకేమన్నా అయితే ఎవరిది బాధ్యత, మీకు చెప్తే అర్థం కాదా" అని అరిచేశాను. మర్నాడు పొద్దున్నే సంతకం పెట్టి తీసుకెళ్లిపోయారు, కుట్లు కూడా విప్పలేదు. ఇన్‌ఛార్జి సిస్టర్ నన్నే తిట్టారు. నేను చెప్పిందాంట్లో అబద్ధం ఏముంది?

కొత్తపేట_అక్క:
అబద్ధం ఏమీ లేదు అమ్మాయ్. కానీ రేపు ఇంటికెళ్లాక ఆ పిల్లకి అన్నం పెట్టేదీ నీళ్లిచ్చేదీ ఆ అత్తగారే కదా, ఆవిణ్ణి నలుగురిలో తిడితే నీ మాట ఇంటిదాకా ఎట్లా వెళ్తుంది? నేను లేబర్ రూంలో 22 ఏళ్లు చేశాను. నీళ్లు వద్దనేవాళ్లు అసలు వద్దనేది చల్లనీళ్లు. కాచిన వాము నీళ్లు గోరువెచ్చగా ఇస్తానను, ఒక్కరూ కాదనరు, రెండు లీటర్లు లోపలికి పోతాయి, పాలూ పడతాయి. పప్పు తింటే చీము పడుతుందంటే సరే మానెయ్యండి, గుడ్డు పెట్టండి అంటాను. వెల్లుల్లి కారం, బాలింత కాయం తింటామంటే తిననిస్తాను, వాటి జోలికే పోను. ఐరన్ మాత్రలు మాత్రం కాన్పయ్యాక కూడా 180 రోజులు మింగాలి, గొడవ పడేదేదో అక్కడ పడు.

బోధన_బెజవాడ:
మీరు సోషియాలజీ పేపరు పాసై మర్చిపోయినట్టున్నారు 🙂 మడెలీన్ లైనింగర్ అని అమెరికా నర్సు, 1960లలో పాపువా న్యూ గినీ వెళ్లి అక్కడి వాళ్ల మధ్య ఉండి ఇదే చూసింది, రోగుల ఆచారాలు తెలుసుకుని చేసే నర్సింగ్ కోసం 1974లో ఒక సొసైటీ కూడా పెట్టింది. ఆవిడ లెక్కలో మూడు దారులు: హాని లేని అలవాటుని అలాగే ఉంచడం, కొంచెం సర్దుబాటు చేసుకోవడం, హాని ఉంటే వాళ్లతో కలిసి మార్చడం. కారం మొదటిది, అక్క చెప్పిన వాము నీళ్లు రెండోది. తేనె మూడోది, ఏడాది లోపు బిడ్డకి బొటులిజం అనే ప్రాణాంతక జబ్బు ప్రమాదం ఉంది కాబట్టి అక్కడ రాజీ లేదు. ముర్రుపాలూ అంతే. అయితే "వాళ్లతో కలిసి" అన్న మాట పరీక్షలో రాస్తాం, డ్యూటీలో వదిలేస్తాం.

తండా_నుంచి:
నేను లంబాడీనే, విజయవాడలో ఉద్యోగం. మా అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్తే తెలుగు సగమే అర్థమవుతుంది, అర్థంకాకపోయినా తలూపుతుంది, సిస్టర్లేమో చెప్పాం కదా అనుకుంటారు. ఆమెకి తెలిసేది గొంతు ఒక్కటే. ఆ అత్తగారికి మీరు చెప్పింది మా భాష గోర్‌బోలిలో ఎవరన్నా చెప్పారా? స్వీపరమ్మో వాచ్‌మనో మావాళ్లు ఉంటారు, పిలవాల్సింది. భర్తనో చిన్న పిల్లనో మధ్యలో పెడితే ఆడవాళ్ల సంగతులు సగం మింగేస్తారు. ఇంకోటి, "మీవాళ్లంతా ఇంతే" అనే మాట వార్డుల్లో మామూలైపోయింది. మీరు అన్నారని కాదు.

భవానీపురం_షుగర్‌డెస్క్:
మా దగ్గర రంజాన్‌లో ఇదే కథ. ఇన్సులిన్ వాళ్లని రోజా, అంటే ఉపవాసం, ఉండొద్దని గద్దిస్తే మాకు చెప్పకుండానే రోజా ఉంటారు. అందుకే నెల ముందే కూర్చోబెట్టి డోసులు మార్పించుకోమంటాం. షుగర్ 70 కిందికి పడినా 300 దాటినా రోజా విడిచెయ్యాలని ముందే ఒప్పించుకుంటాం, వేలికి సూది గుచ్చితే రోజా పోదని మసీదు పెద్దతోనే చెప్పిస్తాం. మేం చెప్తే నమ్మరు మరి.

సిక్కోలు_సిస్టర్:
అందరివీ చదివాను. మా అమ్మ కూడా నాకు కాన్పైతే నీళ్లు ఇవ్వదేమో, అది గుర్తొచ్చి ఇంకా సిగ్గేసింది. ఇన్‌ఛార్జి సిస్టర్‌కి చెప్పి ఆ ఊరి ఆశాతో మాట్లాడాను, ఏడో రోజు పీహెచ్‌సీకి తీసుకెళ్లి కుట్లు చూపిస్తానంది, ఆవిడకి గోర్‌బోలి వచ్చట. అక్కా, లీటరు నీళ్లకి వాము ఎంత?

కొత్తపేట_అక్క:
ఒక చెంచాడు. ముందు దోరగా వేయించు, లేకపోతే చేదెక్కుద్ది.