కొత్త రౌటర్ పెట్టాక ఒక ల్యాప్‌టాప్‌లో నెట్ రాదు, ఇంకోదానికి వైఫై పేరే కనబడదు

మండువా_ఇల్లు:

మాది అంబాజీపేట పక్కన పల్లెటూరండి. తాతల నాటి మండువా ఇల్లు, గోడలు మూరెడు మందం ఉంటాయి. ఫైబర్ నెట్ వాళ్లిచ్చిన తెల్ల పెట్టె వీధి గదిలో ఉంది. అక్కడ కూర్చుంటే బ్రహ్మాండంగా వస్తుంది, వెనక వంటింటి పక్క గదిలోకి వెళ్తే ఒక్క గీత, అదీ ఉంటే ఉన్నట్టు లేకపోతే లేనట్టు. మా అమ్మాయి హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తోంది, మీటింగ్ మధ్యలో బొమ్మ ఆగిపోతోందని ఒకటే గోల. అందుకని రెండు బ్యాండ్లున్న వైఫై 6 రౌటర్ కొని, తెల్ల పెట్టె నుంచి చూరు వెంబడి లాన్ వైరు లాగించి వెనక గదిలో పెట్టించాం.

అమ్మాయి కొత్త ల్యాప్‌టాప్ దానికి కనెక్ట్ అవుతుంది, గీతలన్నీ నిండుగా ఉంటాయి, కింద మాత్రం 'నో ఇంటర్నెట్' అని వస్తుంది. నాది పాత ల్యాప్‌టాప్, విండోస్ 10. దానికైతే కొత్త వైఫై పేరే జాబితాలో రాదు, ఫోన్లలో మాత్రం కనబడుతోంది. వీధి గది వైఫైకి రెండూ శుభ్రంగా కలుస్తున్నాయి. 192.168.1.1 కొడితే కొత్త రౌటర్ పేజీ తెరుచుకుంటుంది. వైరు లాగిన కుర్రాడు తెల్ల పెట్టె రీసెట్ కొడితే అంతా సర్దుకుంటుంది అంటున్నాడు. కొట్టించమంటారా?

గట్టుమీద_కుర్రాడు:

వద్దండి బాబూ, ఆ చిన్న బొక్కలో పిన్ను పెట్టనివ్వకండి. చాలా కనెక్షన్లలో ఆ పెట్టె లోపలే మీ యూజర్ నేమ్, పాస్‌వర్డ్, వాళ్ల లైన్ సెట్టింగులు ఉంటాయి. రీసెట్ నొక్కి పట్టుకుంటే అవన్నీ చెరిగిపోతాయి, ఇప్పుడు వస్తున్న నెట్ కూడా పోయి కంపెనీ మనిషి వచ్చేదాకా ఫోన్ డేటాతోనే గడపాలి. పైగా వీధి గదిలో నెట్ వస్తోంది అంటున్నారు, అంటే ఆ పెట్టె బాగానే ఉంది, బాగున్నదాన్ని కెలకడం దేనికి?

మీవి రెండు వేరు వేరు జబ్బులు. ముందు నెట్ రాని సంగతి చూద్దాం. మీ పాత ల్యాప్‌టాప్‌కి లాన్ సాకెట్ ఉండే ఉంటుంది, ఈ కొత్త పల్చటి వాటికి చాలావరకు ఉండదు. వెనక గదిలో రౌటర్‌కి గుచ్చిన వైరు పీకి నేరుగా ఆ ల్యాప్‌టాప్‌కి గుచ్చండి, వైఫై ఆఫ్ చేసి ఏదైనా సైటు తెరవండి. తెరుచుకుంటే తెల్ల పెట్టె, చూరు వెంబడి వచ్చిన వైరు రెండూ మంచివే, తప్పంతా రౌటర్ సెట్టింగుల్లో ఉంది. తెరుచుకోకపోతే కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల తెర తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టి చూడండి. 169.254తో మొదలయ్యే నంబరు కనబడిందంటే ల్యాప్‌టాప్‌కి అవతల నుంచి అడ్రసు అందలేదన్నమాట, అప్పుడు ముందుగా వైరు చివర కొట్టిన క్లిప్పుని అనుమానించాలి.

నా అనుమానం మాత్రం అడ్రసుల మీదే. వీధి గది వైఫైకి కలిపి అదే 192.168.1.1 కొట్టి చూడండి. ఈసారి తెల్ల పెట్టె పేజీ వస్తే రెండింటి అడ్రసూ ఒకటే. రౌటర్‌కి బయటి వైపు, లోపలి వైపు ఒకే వరుస అంకెలు ఉంటే ఏది ఎటు పంపాలో దానికి తెలియదు. వైఫై నిండుగా ఉంటుంది, నెట్ ఉండదు. కొన్ని రౌటర్లు ఈ గొడవ కనిపెట్టి తమంతట తామే అడ్రసు మార్చుకుంటాయి, మీది మార్చుకోలేదేమో.

మందు సులువు. కొత్త రౌటర్ పేజీలో ఆపరేషన్ మోడ్ అని ఉంటుంది, దాన్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టండి. అడ్రసులు పంచే పని తెల్ల పెట్టె చూసుకుంటుంది, ఇది వైఫై మాత్రం ఇస్తుంది. ఇంట్లో ప్రింటర్ ఉంటే ఏ గదిలోంచి అయినా దొరుకుతుంది కూడా. ఆ మోడ్ లేని రౌటర్ అయితే దాని లాన్ అడ్రసు 192.168.1.2 చేసి, అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ ఆపేసి, వైరుని బయటి లైను కోసం ఉండే వాన్ సాకెట్‌లో కాకుండా పక్కనున్న లాన్ సాకెట్లలో ఒకదానికి పెట్టాలి. ఆ 1.2 తెల్ల పెట్టె ఇంకో ఫోన్‌కి ఇవ్వకుండా చూసుకోండి, దాని పేజీలో ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా పంచుతుందో రాసి ఉంటుంది.

పాలకొల్లు_సర్వీస్:

పై ఆయన చెప్పింది కరెక్టు. పాత ల్యాప్‌టాప్ సంగతి నేను చెప్తాను, షాపులో ఇది తరచూ చూస్తుంటాం.

పేరు కనబడి కలవకపోవడం వేరు, పేరే కనబడకపోవడం వేరు. మొదటిదైతే పాస్‌వర్డో, డబ్ల్యూపీఏ3 సెక్యూరిటీయో కారణం, డబ్ల్యూపీఏ2/3 మిక్స్‌డ్ పెడితే పోతుంది. మీది రెండోది. ల్యాప్‌టాప్‌లో వైఫై కార్డు 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మాత్రమే పట్టేదైతే 5 గిగాహెర్ట్జ్ పేరు దానికి ఎప్పటికీ కనబడదు. కాబట్టి రౌటర్‌లో రెండు బ్యాండ్లనీ ఒకే పేరుతో చూపే స్మార్ట్ కనెక్ట్ లాంటిది ఉంటే ఆపి, రెండు బ్యాండ్లకీ వేరే పేర్లు పెట్టి చూడండి. 2.4 కూడా కనబడలేదంటే ఛానెల్ చూడండి. ఆటోలో వదిలేస్తే ఒక్కోసారి 12 కో 13 కో వెళ్లి కూర్చుంటుంది, కొన్ని ల్యాప్‌టాప్‌లు 11 దాటి వెతకవు. 1, 6, 11 లో ఏదో ఒకటి పెట్టి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చేయండి.

అదీ కాకపోతే వైఫై 6 దగ్గరే తేడా. కొన్ని పాత కార్డుల డ్రైవర్లకి ఏఎక్స్ (అంటే వైఫై 6) మోడ్‌లో ఉన్న రౌటర్ అసలు ఉన్నట్టే తెలియదు. డ్రైవర్ కొత్తది వేస్తే కనబడుతుంది. ల్యాప్‌టాప్ కంపెనీ సైటు నుంచే దించుకోండి, 'ఫ్రీ డ్రైవర్ అప్‌డేటర్' అని వచ్చే సాఫ్ట్‌వేర్లు వేసుకుంటే మళ్లీ మా దగ్గరికే రావాలి. అంత ఓపిక లేకపోతే 2.4 బ్యాండ్‌ని పాత వైఫై పద్ధతులైన బీ/జీ/ఎన్ మోడ్‌కి దించేయండి. అమ్మాయి ల్యాప్‌టాప్ ఎలాగూ 5 మీద ఉంటుంది, ఆమె స్పీడుకి వచ్చిన నష్టం లేదు.

లంకలో_నెట్:

అసలు మండువా ఇంట్లో రౌటర్‌ని మూల గదిలో ఎందుకు పెట్టారండి? నడిమధ్య ఆకాశం కనబడేంత ఖాళీ ఉంది కదా, వసారాలో స్తంభం పక్కన, వాన జల్లు పడనంత లోపలికి, తలకంటే ఎత్తులో పెడితే చుట్టూ గదులన్నిటికీ గుమ్మాల్లోంచి పోతుంది. 5 గిగాహెర్ట్జ్‌కి ఆ సున్నం గోడలంటే పడదు, ఖాళీ జాగా అయితే బాగా పోతుంది. బీరువా మీద మాత్రం పెట్టకండి, వెనకంతా ఇనుమే.

గట్టుమీద_కుర్రాడు:

ఒప్పుకుంటాను గానీ, మీటింగులు వెనక గదిలోనే అయితే రౌటర్ అక్కడే ఉండనివ్వండి. వైరు ఎలాగూ వచ్చేసింది. ఆయ్, ఎవరైనా రిపీటర్ కొనమంటే మాత్రం వినకండి. ఒకే బ్యాండ్ మీద అందుకుని అదే బ్యాండ్ మీద పంపే చవక రిపీటర్‌తో స్పీడు ఇంచుమించు సగం పోతుంది. వైరు లాగించి మంచి పని చేశారు.

మండువా_ఇల్లు:

అందరికీ దండాలండి. వైరు పీకి నా ల్యాప్‌టాప్‌కి గుచ్చితే నెట్ వచ్చింది. వీధి గదిలో చూస్తే తెల్ల పెట్టెదీ అదే అడ్రసు. యాక్సెస్ పాయింట్ మోడ్ పెట్టగానే అమ్మాయికి వచ్చేసింది. ఛానెల్ 6 పెట్టినా నా దాంట్లో పేరు రాలేదు, బీ/జీ/ఎన్ చేశాక వచ్చింది.

ఇప్పుడు ఇంకో తలనొప్పి. రాత్రి గాలివానకి కరెంటు పోయింది, ఇన్వర్టర్ అందుకునేలోగా రెండు పెట్టెలూ ఆరి వెలిగాయి, అమ్మాయి మీటింగ్ తెగింది. పొద్దున్న నా ల్యాప్‌టాప్ వైఫైకి కలిసింది గానీ ఏ సైటు తెరిచినా 'మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు' అంటోంది. అమ్మాయి దాంట్లో అవే సైట్లు బాగానే వస్తున్నాయి. రౌటర్ ఏమైనా పాడైందా?

పాలకొల్లు_సర్వీస్:

రౌటర్ జోలికి పోకండి, ల్యాప్‌టాప్‌లో తేదీ చూడండి. ఎప్పటిదో పాత సంవత్సరం చూపిస్తుంటే అదే కారణం, తేదీ తప్పయితే సైట్ల సర్టిఫికెట్లు చెల్లనట్టు లెక్క. సరిచేస్తే తెరుచుకుంటాయి. మళ్లీ మళ్లీ వెనక్కి పోతుంటే లోపల మదర్‌బోర్డు మీద బిళ్ల బ్యాటరీ అయిపోయింది. పాత ల్యాప్‌టాప్‌కి మెయిన్ బ్యాటరీ కూడా నిలవదు కదా, కరెంటు పోయినప్పుడల్లా గడియారం పోతుంది. పెద్ద ఖర్చు కాదు. ఇంకోటి, విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో అయిపోయింది, బ్యాంకు పనులు దాని మీద పెట్టుకోకపోవడం మంచిది.

లంకలో_నెట్:

కరెంటుకి మినీ యూపీఎస్ కొనుక్కోండి, ఆ రెండు పెట్టెలకీ సరిపోయేది. ఒక్క రౌటర్‌కే పెడితే లాభం లేదు, తెల్ల పెట్టె ఆరిపోతే నెట్ పోయినట్టే. కొనేముందు రెండు అడాప్టర్ల మీదా ఎన్ని ఓల్టులు, ఎన్ని ఆంపియర్లు అని రాసి ఉందో చూడండి. చాలావాటికి 12 ఓల్టులే గానీ 9 ఓల్టులవీ ఉన్నాయి, పిన్ను పట్టింది కదా అని గుచ్చితే కాలిపోతాయి. ఉరుములు మెరుపులు మొదలుకాకముందే, మీటింగ్ ఉన్నా సరే, చూరు వెంబడి వచ్చిన ఆ లాన్ వైరు రెండు చివర్లా పీకేయండి, అది రాగి వైరు. ఫైబర్‌తో ఆ భయం లేదు. దానికున్న భయమల్లా కొబ్బరి మట్ట. గాలివాన తర్వాత తెల్ల పెట్టె మీద ఫైబర్ సిగ్నల్ అందట్లేదని చెప్పే ఎల్ఓఎస్ లైటు ఎర్రగా వెలిగిందంటే సెట్టింగులేవీ ముట్టుకోకుండా వీధిలోకెళ్లి ఏ చెట్టు కింద వైరు వేలాడుతోందో చూసి కంపెనీకి ఫోన్ చేయడమే.

మండువా_ఇల్లు:

తేదీ 2015లో ఉందండి. మార్చాను, అన్నీ తెరుచుకుంటున్నాయి. బ్యాటరీ బిళ్ల కోసం రేపు అమలాపురం వెళ్తున్నాను, యూపీఎస్ కూడా అక్కడే చూస్తాను. రెండు అడాప్టర్లూ 12 ఓల్టులే, తెల్లదానికి 1 ఆంపియర్, రౌటర్‌కి 1.5.

లంకలో_నెట్:

అయితే కలిపి రెండున్నర. 2 ఆంపియర్లదని ఇవ్వబోతారు, 3 ఆంపియర్లది, రెండు అవుట్‌పుట్లున్నది అడగండి.