ఆపరేషన్ థియేటర్‌కి (ఓటీ) కొత్తగా వచ్చే సిస్టర్లకు ముందు వీడియోలా, సీఎస్‌ఎస్‌డీనా?

సికింద్రాబాద్ సిస్టర్: జనరల్ సర్జరీ ఓటీకి వార్డు నుంచి కొత్తవాళ్లు వస్తున్నారు. మొదటి రెండు వారాలు ఏది ముందు పెట్టాలి? విదేశీ వీడియోలు చూపించమని కొందరు, నేరుగా పరికరాలు కడిగి క్రిములు లేకుండా చేసే విభాగమైన సీఎస్‌ఎస్‌డీలో కూర్చోబెట్టమని కొందరు అంటున్నారు.

స్క్రబ్ అక్క: వీడియోలే. క్లోజ్డ్ గ్లవింగ్ (గౌను చేతుల్లోంచి వేళ్లు బయటపెట్టకుండా గ్లవ్స్ వేసుకోవడం) చదివితే వచ్చేది కాదు. కఫ్ దాటి వేలు ఎక్కడ బయటికొస్తోందో ఆపి, వెనక్కి తిప్పి చూడొచ్చు. అప్పుడే ఇంకోటి చెప్పేయండి: గౌను మొత్తం స్టెరైల్ (క్రిములు లేనిది) కాదు. ముందువైపు ఛాతీ నుంచి బల్ల ఎత్తు దాకా, చేతులు మోచేతికి రెండంగుళాల పైదాకా, అంతే. చేతులు కట్టుకుని నిలబడితే వేళ్లు చంకల్లోకి పోతాయి, గ్లవ్స్ మార్చాల్సిందే.

ఆటోక్లేవ్ అన్న: అక్కా, ఆ వీడియోల్ల డ్రేపులు (రోగి మీద కప్పేటివి) వాడి పడేసేటివి. మన దగ్గర చాలా ఓటీల్ల ఉతికి వాడే గుడ్డలే. సెలైన్ పడి తడిస్తే కిందికెళ్లి క్రిములు పైకొస్తయి. పేర్లు సుత వేరే: రక్తం అద్దే గుడ్డ వాళ్లకు ల్యాప్ స్పాంజ్, మనకు మాప్, వాళ్ల ఎపినెఫ్రిన్ మనకు అడ్రినలిన్.

ముందు పది రోజులు సీఎస్‌ఎస్‌డీల ట్రేలు కట్టనీయండి. మూడో నంబర్ కత్తి హ్యాండిల్‌కు 10, 11, 15 బ్లేడ్లు, నాలుగోదానికి 20 నుంచి 24. నీడిల్ హోల్డర్‌తోనే ఎక్కియ్యాలె, వేళ్లతోని కాదు. రక్తనాళం పట్టే ఆర్టరీ ఫోర్సెప్స్ లాక్ వేసి ప్యాక్ చేస్తే కీలు సందులకు ఆవిరి పోదు. ప్యాక్‌కు అంటించే ఆటోక్లేవ్ టేపు మీద గీతలు నల్లగైనయంటే ప్యాక్‌కు వేడి తగిలిందని మాత్రమే, స్టెరైల్ అయినట్టు కాదు. 134 డిగ్రీల సైకిల్ పూర్తయినా, ప్యాక్ తడిగ బయటికొస్తే మళ్ల కట్టుడే.

ఐదైదు: మీ ఇద్దరి వాదనలో కౌంట్ (మాప్‌లు, పరికరాల లెక్క) ఎక్కడ? కొత్తవాళ్లు తడబడేది అక్కడే. కోతకు ముందు, లోపలి పొర మూసేముందు, చర్మం కుట్టేటప్పుడు, మధ్యలో మనిషి మారితే మళ్లీ. కట్ట విప్పి ఒక్కో మాప్ విడదీస్తూ, స్క్రబ్ సిస్టర్ (పరికరాలు అందించేది), ఫ్లోర్ సిస్టర్ (బయట తిరుగుతూ సాయపడేది) ఇద్దరూ చూస్తూ పైకి లెక్కపెట్టాలి. ఐదు ఉండాల్సిన కట్టలో నాలుగో ఆరో వస్తే సరిదిద్దొద్దు, కట్ట మొత్తం పక్కన పెట్టేయండి. ఎక్స్‌రేలో కనిపించే దారం లేని గాజ్ గుడ్డ కడుపులోకి వెళ్లకూడదు. మాప్‌ను ఎవరు కత్తిరించమన్నా కత్తిరించొద్దు, దారం లేని ముక్క మిగిలిపోతుంది. లెక్క తప్పితే సర్జన్‌కు వెంటనే చెప్పి గాయం, డ్రేపులు, నేల, బకెట్ వెతకాలి. దొరక్కపోతే ఎక్స్‌రే. ఆపరేషన్ అయ్యేదాకా చెత్త బకెట్ గది దాటకూడదు. ఆయమ్మకు కూడా ఈ మాట ముందే చెప్పాలి.

కోఠి పుస్తకం: కోఠిలో పాత పుస్తకాలు చవకే. పరికరాల బొమ్మలకు పనికొస్తాయి. వ్యర్థాల అధ్యాయం మాత్రం చదివించకండి, 1998 నాటి నల్ల సంచీ వాటిలో ఇంకా ఉంటుంది. 2016 నిబంధనల్లో రంగులు పసుపు, ఎరుపు, తెలుపు, నీలం. రక్తపు మాప్ పసుపులోకి, గ్లవ్స్ ఎరుపులోకి, బ్లేడు తెల్ల డబ్బాలోకి.

స్క్రబ్ అక్క: కౌంట్ సంగతి ఒప్పుకుంటా. డబ్ల్యూహెచ్‌ఓ 2008లో తెచ్చిన సర్జికల్ సేఫ్టీ చెక్‌లిస్ట్‌లో సైన్ అవుట్ (రోగి గది దాటేముందు చదివేది) దగ్గర అదీ ఉంది. ఒక్క పేజీ, గోడకు అంటిస్తే పుస్తకం కంటే నయం. కోతకు ముందు అందరూ చేతులు ఆపకుండా టైమ్ అవుట్ చదివితే అది టిక్కులు పెట్టడమే. కానీ అన్నా, సీఎస్‌ఎస్‌డీలో పది రోజులు ఎక్కువ. నాలుగు చాలు.

ఆటోక్లేవ్ అన్న: నాలుగు రోజుల్ల మేజర్ ట్రే ఒక్కటే వస్తది. లాపరోస్కోపీ పరికరాలు విప్పి కడుగుడు ఎప్పుడు నేర్చుకుంటరు? ఇన్సులేషన్ మీద సన్న చీలిక ఉంటే కాటరీ (రక్తం ఆపేందుకు కాల్చే పరికరం) కరెంటు కెమెరాకు కనపడని చోట పేగును కాలుస్తది. అది ఏ వీడియోల చూపిస్తరు?

స్క్రబ్ అక్క: ఆ చీలిక కనపడ్డప్పుడు ఫోన్‌లో తీసి గ్రూపులో పెట్టండి అన్నా. అదీ వీడియోనే కదా.