పాంపే మృతుల అచ్చులను ప్రదర్శనకు పెట్టడం సమంజసమేనా?

కృష్ణాతీరం:
ఇటీవల ఇటలీ వెళ్లినప్పుడు పాంపే శిథిలాలను చూశాను. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం కక్కిన బూడిద కింద పూడిపోయిన ఆ రోమన్ పట్టణంలో రొట్టెల బట్టీలు, స్నానశాలలు, గోడల మీది ఎన్నికల రాతలు చూస్తూ పొద్దంతా ఉత్సాహంగా తిరిగిన నేను, ఆవరణలోనే ఉన్న ఆంటిక్వేరియం అనే మ్యూజియంలో ఒక గాజు పెట్టె ముందుకు వచ్చేసరికి ఎక్కువసేపు నిలబడలేకపోయాను. దేహాలు శిథిలమైపోగా గట్టిపడిన బూడిదలో వాటి ఆకారంలోనే ఖాళీలు మిగిలాయి. 1863లో తవ్వకాల అధికారి జుసెప్పె ఫియొరెల్లి ఆ ఖాళీలలో పలుచని ప్లాస్టర్ పోయించి తీయించిన అచ్చులతో ఈ పద్ధతి స్థిరపడింది. బట్టల మడతలు, ముఖంలోని బాధ కూడా వాటిలో కనిపిస్తాయి. నా పక్కన కొందరు నవ్వుతూ సెల్ఫీలు తీసుకుంటున్నారు. ప్రాణం పోతున్న క్షణాన్ని ఇలా టికెట్టు పెట్టి చూపించడం సబబేనా? నాకు సబబు అనిపించలేదు. మీ అభిప్రాయాలు తెలుసుకోవాలని ఉంది.

మట్టిపొరలు:
మీ బాధ అర్థమైంది కానీ తీర్పుతో ఏకీభవించలేను. నేపుల్స్ జాతీయ పురావస్తు మ్యూజియంలో పాంపే నుంచి తెచ్చిన అలెగ్జాండరు మొజాయిక్‌ను (చిన్న రంగురాళ్లు పేర్చి చేసిన చిత్రాన్ని) చూసి అందరం మురిసిపోతాం. అది ఒక సంపన్నుడి ఇంటి నేల. ఆ నేల తుడిచినవాళ్ల గురించి మనకు తెలిసేది ఎలా? 2020లో పట్టణం వెలుపల చివితా జులియానా అనే చోట ఇద్దరు పురుషుల అచ్చులు తీశారు. వారిలో చిన్నవాడి వెన్నుపూసలు చిన్న వయసులోనే నలిగిపోయి ఉండటం చూసి, అతను బరువులు మోసిన బానిస కావచ్చని ఊహించారు. ఏ చరిత్రకారుడూ రాయని జీవితం ఆ వెన్నులో ఉంది. దానిని కంటికి కనబడకుండా దాచడం గౌరవం ఎలా అవుతుంది? పైగా అది ప్లాస్టర్ మాత్రమే, శవం కాదు.

కృష్ణాతీరం:
చివరి మాట సరికాదండీ. చాలా అచ్చుల లోపల ఎముకలు అలాగే ఉన్నాయి. మీరు చెప్పిన వెన్నుపూసలు కూడా అలా దొరికినవే కదా.

మట్టిపొరలు:
ఒప్పుకుంటున్నాను, తొందరపడి రాశాను.

వానజల్లు:
మీరిద్దరూ వదిలేసిన విషయం ఒకటుంది. అచ్చును చూపడం కంటే అచ్చు పక్కన చెప్పే కథే నాకు ఎక్కువ అభ్యంతరకరంగా తోస్తుంది. ‘బంగారు కంకణపు ఇల్లు’ అని పిలిచే చోట మెట్ల కింద దొరికిన నలుగురిని దశాబ్దాలపాటు తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు అని చెబుతూ వచ్చారు. 2013లో లండన్ బ్రిటిష్ మ్యూజియం ప్రదర్శనలో కూడా వారిని ఒక కుటుంబంగానే చూపించారు. 2024లో వెలువడిన డీఎన్ఏ పరిశోధనలో, కంకణం ధరించిన ‘తల్లి’ పురుషుడని, ఒడిలోని బిడ్డతో ఆయనకు రక్తసంబంధం లేదని తేలింది. అంతేకాదు, మరమ్మతులు చేసినవారు కొన్ని అచ్చుల భంగిమలను మార్చి ఉండవచ్చని కూడా ఆ పరిశోధకులు భావించారు. అంటే చూసేవాళ్లు కన్నీరు పెట్టుకోవడానికి అనువుగా మృతులను సర్దారన్నమాట! ఊరూపేరూ లేని మనిషికి మనకు నచ్చిన చుట్టరికం అంటగట్టడం, నా దృష్టిలో, గాజు పెట్టెలో పెట్టడం కంటే పెద్ద అపచారం.

మట్టిపొరలు:
అయితే ఆ తప్పు బయటపడింది అచ్చులను భద్రపరిచారు కనుకనే. గౌరవం పేరిట వాటిని మళ్లీ పూడ్చిపెట్టి ఉంటే ఆ ‘తల్లి’ కథ శాశ్వతంగా నిలిచిపోయేది. నిజమైన నష్టం జరిగింది 1943లో. మిత్రరాజ్యాల విమానాలు పాంపే మీద బాంబులు వేసినప్పుడు మ్యూజియం దెబ్బతిని కొన్ని అచ్చులు నాశనమయ్యాయి. వాటిలోని మనుషుల గురించి ఇక ఏ పరిశోధనా ఏమీ చెప్పలేదు.

చార్మినార్ చాయ్:
హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఒక ఈజిప్టు అమ్మాయి మమ్మీ ఉంది. బడి పిల్లలుగా వెళ్లినప్పుడు దానిని చూసి ఒకరినొకరం భయపెట్టుకుని నవ్వుకున్నాం. ఆ అమ్మాయికి కనీసం తనవాళ్లు తమ పద్ధతిలో శాస్త్రోక్తంగా అంత్యక్రియలు చేశారు. పాంపే వాళ్లకు అదీ దక్కలేదు. నాకు తెలిసిన తేడా ఇంతే, పరిష్కారం తెలియదు.

కృష్ణాతీరం:
మీ మాటతో నాకు ‘పలాయితుల తోట’ గుర్తొచ్చింది. పారిపోతూ పదమూడు మంది కూలిపోయిన ఆ చోటనే వారి అచ్చులను ఉంచారు, 1961 నుంచి. అక్కడ నాకు ఆంటిక్వేరియంలో కలిగిన ఇబ్బంది కలగలేదు. ఎందుకో తరువాత ఆలోచిస్తే తట్టింది. ఆ తోటకు దగ్గరలోనే నొచేరా ద్వారం, దాని వెలుపల సమాధుల వరుస ఉన్నాయి. అక్కడ ఫిలెరోస్ అనే విముక్త బానిస తనకూ, తన యజమానురాలికీ, ఒక మిత్రుడికీ కలిపి సమాధి కట్టించాడు. తరువాత ఆ మిత్రుడే తన మీద నేరం మోపాడట. ఇబ్బంది కాకపోతే కాసేపు ఆగి, ఎలాంటివారికి దూరంగా ఉండాలో తెలుసుకొమ్మని దారిన పోయేవారిని పిలుస్తూ రాయి మీద చెక్కించాడు. చనిపోయినవారి ముందు ఆగి చూడటాన్ని రోమన్లు తప్పుగా భావించలేదు. అయితే ఫిలెరోస్ ఏం చెప్పాలో తానే నిర్ణయించుకున్నాడు. ఆ పదమూడు మందికి ఆ అవకాశం లేదు, కానీ కనీసం వారు పడిన నేల వారితో ఉంది. కాబట్టి నా వాదనను సవరించుకుంటున్నాను. అచ్చులను దాచనక్కరలేదు, దొరికిన చోటు నుంచి కదపకూడదు, దేశదేశాలు తిప్పకూడదు.

మట్టిపొరలు:
పాంపే దాకా వెళ్లగలిగినవారు ఎందరు? మీరు వెళ్లి చూసి వచ్చి, వెళ్లలేనివారి దగ్గరికి వాటిని తీసుకురావద్దంటున్నారు. సెల్ఫీలు తీసుకున్నవారిని తప్పుపట్టారు సరే, మీరు ఫొటో తీయలేదా?

కృష్ణాతీరం:
తీశాను. ఇంట్లో ఇంతవరకు ఎవరికీ చూపించలేదు.