మూడు ఎలక్ట్రానిక్ లోడ్లు, ఒకే ట్రిగ్గర్, కానీ ఒకటి లేటు

ప్రశ్న:
12, 5, 3.3 వోల్టుల అవుట్‌పుట్లున్న పవర్ సప్లై టెస్ట్ చేస్తున్నా, మూడింటికీ తలో డీసీ ఎలక్ట్రానిక్ లోడ్ (సెట్ చేసినంత కరెంట్ లాగే టెస్ట్ పరికరం) పెట్టి ఒకేసారి కరెంట్ స్టెప్ ఇవ్వాలి, అంటే లాగే కరెంట్ ఒక్కసారిగా పెంచాలి. పీసీ నుంచి వరసగా కమాండ్లు పంపితే మధ్యలో కొన్ని మిల్లీసెకన్ల గ్యాప్, అదీ ప్రతిసారీ ఒకేలా ఉండట్లేదు. అందుకని ఫంక్షన్ జెనరేటర్ నుంచి 5 వోల్టుల పల్స్ తీసి మూడింటి ట్రిగ్గర్ ఇన్‌కీ (మొదలుపెట్టమనే సిగ్నల్ తీసుకునే ఇన్‌పుట్) ఇచ్చా. రెండు కలిసే కదులుతున్నాయి, వేరే మోడల్ ఉంది కదా మూడోది, అది మాత్రం కరెక్ట్‌గా 1 మిల్లీసెకను లేటు. కేబుల్ పొడవు వల్లా?

జవాబు 1:
కేబుల్ కాదండి, మీటరుకి 5 నానోసెకన్లు అంతే. పల్స్ విడ్త్ ఎంత పెట్టారు? 1 మిల్లీసెకనే అయితే ఆ మూడోది పల్స్ కిందికి దిగేటప్పుడు ట్రిగ్గర్ అవుతోందన్నమాట. 100 మైక్రోసెకన్లు చేసి చూడండి, గ్యాప్ కూడా అంతే అయితే అదే. మెనూలో ఎడ్జ్ (పల్స్ ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా అన్నది) మార్చే ఆప్షన్ లేకపోతే దానికి ముందు ఒక ఇన్వర్టర్ గేట్ (పల్స్‌ని తిరగేసే లాజిక్ చిప్) పెట్టండి. ఇంకోటి, జెనరేటర్‌లో అవుట్‌పుట్ సెట్టింగ్ 50 ఓమ్స్ మీద ఉంటే స్క్రీన్ మీద 5 అని చూపించినా హై ఇంపిడెన్స్ (కరెంట్ దాదాపు లాగని) ఇన్‌పుట్‌కి 10 వోల్టులు పోతాయి, ముందు అది చూసుకోండి.

జవాబు 2:
గ్రౌండ్ సంగతి ఎవరూ అడగలేదేంటి? కొన్ని లోడ్లలో ట్రిగ్గర్ గ్రౌండూ లోడ్ మైనస్సూ లోపల కలిసే ఉంటాయి, అప్పుడు రిటర్న్ కరెంట్‌లో కొంత ట్రిగ్గర్ కేబుల్ షీల్డ్‌లోంచి పోతుంది, రీడింగులు కూడా తేడా కొడతాయి. అన్నీ ఆఫ్ చేసి, వైర్లు పీకేసి మల్టీమీటర్‌తో కంటిన్యుటీ చూడండి. కలిసుంటే ఒక్కో లోడ్‌కి ఒక్కో ఐసోలేటర్ (గ్రౌండ్లు కలవకుండా సిగ్నల్ మాత్రమే దాటించేది) పెట్టాల్సిందే. మామూలు 817 ఆప్టోకప్లర్ వద్దు, మైక్రోసెకన్లు తినేస్తుంది, 6ఎన్137 లాంటి ఫాస్ట్‌ది వాడండి.

ప్రశ్న అడిగినవారు:
100 చేస్తే గ్యాప్ కూడా 100 అయింది! ఎడ్జ్ మార్చా, ఇప్పుడు మూడూ ఒకే చోట మొదలవుతున్నాయి. గ్రౌండ్ రేపు చూస్తా. కానీ 3.3 వోల్టుల లోడ్‌లో కరెంట్ మెల్లగా పైకెక్కుతోంది, ఎందుకు?

జవాబు 1:
అది స్లూ రేట్ (కరెంట్ ఎంత వేగంగా పెరగాలన్న సెట్టింగ్) అయ్యుంటుంది. 20 ఆంప్స్ స్టెప్‌కి మైక్రోసెకనుకి 0.1 ఆంప్ అని పెడితే పైకి చేరడానికే 200 మైక్రోసెకన్లు. మూడింటికీ స్టెప్ సైజ్‌ని బట్టి లెక్కేసి పెట్టండి. అయినా తగ్గకపోతే లోడ్ వైర్లు పొట్టిగా చేసి ప్లస్ మైనస్ మెలేయండి, 3.3 వోల్టుల మీద వైర్ ఇండక్టెన్స్ బాగా దెబ్బేస్తుంది. ఇంకా, ఒక్క ట్రిగ్గర్ ఇచ్చి మూడింటినీ కంటిన్యూయస్ పల్స్‌లో వదిలేయొద్దు, దేని క్లాక్ దానిదే కాబట్టి కాసేపటికి మళ్లీ జరిగిపోతాయి, ప్రతి స్టెప్‌కీ ట్రిగ్గర్ ఇవ్వండి.