టెక్సాస్ జైల్లో ఉన్న మా తమ్ముడి పేరు ఏ వెబ్‌సైట్‌లోనూ కనపడట్లేదు. ఎక్కడ వెతకాలి?

ఒంగోలు శ్రీను:

అందరికీ నమస్కారం. నాది ఒంగోలు, ఎరువుల షాపు నడుపుతాను. అమెరికా విషయాలు నాకు పెద్దగా తెలియవు. తెలిసినవాళ్లు ఎవరైనా దారి చూపిస్తారని రాస్తున్నాను.

మా పిన్ని కొడుకు 2017లో ఎంఎస్ చదవడానికి వెళ్లి, డాలస్ దగ్గర ఉద్యోగంలో చేరాడు. ఒక రాత్రి పార్టీ నుంచి వస్తూ యాక్సిడెంట్ చేశాడు. తాగి నడిపాడు. అవతలి కారులో ఉన్నాయన చనిపోయాడు, ఆయనకు ఇద్దరు పిల్లలు. తప్పు మావాడిదే, దాన్ని తక్కువ చేసి చెప్పడానికి ఇక్కడికి రాలేదు. కోర్టులో నేరం ఒప్పుకున్నాడు, 8 ఏళ్లు శిక్ష వేశారు.

కౌంటీ జైల్లో, అంటే అక్కడి జిల్లా జైల్లాంటి దాంట్లో, ఉన్నన్నాళ్లూ ప్రతి ఆదివారం వాడి రూమ్మేట్‌కు ఫోన్ చేసేవాడు, ఆ అబ్బాయి పిన్నిని కూడా లైన్‌లో కలిపేవాడు. శిక్ష పడిన కొన్నాళ్లకు ఫోన్లు ఆగిపోయాయి. ఇవాల్టికి మూడు వారాలు. కౌంటీ జైలు సైట్‌లో ఇదివరకు వాడి ఫొటో, నంబరు కనపడేవి. ఇప్పుడు పేరు కొడితే రికార్డు లేదంటోంది. లాయరు ఫోన్ ఎత్తడం లేదు.

పిన్ని ఫోన్‌ను చార్జర్‌కు పెట్టి దిండు పక్కనే ఉంచుకుని పడుకుంటోంది. మోగకపోయినా అర్ధరాత్రి లేచి చూస్తోంది. 'వాడు ఉన్నాడా, లేడా, అదొక్కటి చెప్పరా' అంటోంది. నా దగ్గర జవాబు లేదు.

గూగుల్‌లో మొదట వచ్చిన సైట్‌లో కార్డు నంబరు ఇస్తే 30 డాలర్లు తీసుకుని వాడి పాత అపార్ట్‌మెంట్ అడ్రస్ చూపించింది. టెక్సాస్ రాష్ట్ర జైళ్ల సైట్‌లో కూడా వెతికాను, దొరకలేదు. ఇండియా నుంచి ఇలా వెతకడం వల్ల వాడికేమైనా ఇబ్బందా? అసలు వాణ్ణి ఎక్కడ వెతకాలి?

కావేరి, హ్యూస్టన్:

శ్రీను గారూ, ముందు మీ పిన్ని గారికి ఈ ఒక్క మాట చెప్పి తర్వాత మిగతాది చదవండి. శిక్ష పడ్డాక కౌంటీ సైట్‌లో పేరు పోయిందంటే చాలాసార్లు అర్థం ఒకటే: అతన్ని బస్సెక్కించి రాష్ట్ర జైలుకు పంపించారు.

మా తమ్ముడు టెక్సాస్ జైల్లో నాలుగేళ్లున్నాడు. మాకు 26 రోజులు ఏ కబురూ లేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మనవాళ్లు అమెరికా జైలు అంటే అంతా ఒకటే అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. అరెస్టు చేసినప్పుడు పెట్టేది కౌంటీ జైలు, అది షెరీఫ్ చేతిలో ఉంటుంది. పెద్ద నేరానికి శిక్ష పడ్డాక పంపేది రాష్ట్ర జైలు. దాన్ని నడిపేది టెక్సాస్ డిపార్ట్‌మెంట్ ఆఫ్ క్రిమినల్ జస్టిస్, అందరూ టీడీసీజే అంటారు. ఫెడరల్ జైళ్లు వేరు, ఇమిగ్రేషన్ వాళ్ల నిర్బంధ కేంద్రాలు వేరు. ఒకరి సైట్‌లో ఇంకొకరి దగ్గరున్న మనిషి కనపడడు. టీడీసీజే సైట్‌లో కూడా ప్రస్తుతం వాళ్ల దగ్గర ఉన్నవాళ్లే ఉంటారు.

కోర్టు కాగితాలన్నీ సిద్ధమయ్యాక రాష్ట్రం 45 రోజుల్లోపు మనిషిని తీసుకోవాలి. ఏ రోజు తీసుకెళ్తారో ఇంట్లోవాళ్లకు ముందుగా చెప్పరు, భద్రత కోసం. ఆ బస్సును లోపలివాళ్లు 'చెయిన్' అంటారు. మొదట గర్నీ, హాలిడే లాంటి యూనిట్లలో దింపుతారు, అక్కడ ఒక్కో జైలును యూనిట్ అంటారు. అక్కడ వేలిముద్రలు, డాక్టరు పరీక్షలు, ఇంటర్వ్యూలు అన్నీ అయ్యాక ఏ యూనిట్‌లో ఉంచాలో తేలుస్తారు. దానికి వారాలు పడుతుంది. కొత్త చోట ఫోన్‌కు నమోదు పూర్తయ్యేదాకా అతను ఎవరికీ కాల్ చేయలేడు. మీ పిన్ని గారి ఫోన్ మోగకపోవడానికి కారణం ఇదే అయ్యుండొచ్చు.

ఇక సైట్‌లో పేరు ఎందుకు దొరకలేదో చెప్తాను. మన తెలుగువాళ్లకు అసలు కష్టం అక్కడే.

టీడీసీజే సైట్‌లో ఇంటిపేరు పూర్తిగా, మొదటి పేరులో కనీసం మొదటి అక్షరం కొట్టాలి. లేదంటే టీడీసీజే నంబరు గానీ, ఎస్ఐడీ నంబరు గానీ ఇవ్వాలి, వాటి సంగతి కింద చెప్తాను. తెల్లవాళ్ల పేర్లకు ఇది సరిపోతుంది. మనకేమో ఇంటిపేరు ముందు, పేరు వెనక. పేరులో మూడు ముక్కలు. కొండపల్లి వెంకట సాయి కుమార్ అనే కుర్రాణ్ణి కొండపల్లి అని రాస్తారా, కుమార్ అని రాస్తారా అన్నది ఆ రాత్రి అరెస్టు చేసినవాళ్ల చేతిలో ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే ఇంకా చిక్కు. అలాంటప్పుడు అమెరికా వీసా మీద పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్లి, మొదటి పేరు దగ్గర 'ఎఫ్ఎన్‌యూ' అని పడుతుంది. మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. తర్వాత లైసెన్సు మీదా అదే ఎక్కుతుంది, కోర్టు కాగితం మీదా అదే ఎక్కుతుంది. ఆ మనిషి కోసం మొదటి పేరు దగ్గర ఎఫ్ అని కొడితే తప్ప కనపడడు.

మా తమ్ముడికి 'లక్ష్మి'లో ఒక అక్షరం మార్చి రాశారు. రెండు రాత్రులు నిద్ర లేకుండా పేరును అటు తిప్పి ఇటు తిప్పి కొట్టాను. చివరికి ఇంటిపేరు, ఒక్క అక్షరం ఇచ్చి, వచ్చిన జాబితాలో వయసు చూసి పట్టుకున్నాను. అక్కడ జాతి, ఆడా మగా అనే పెట్టెలు కూడా ఉంటాయి, వాటిని ముట్టుకోకండి. మావాణ్ణి అరెస్టు చేసిన కౌంటీలో జాతి దగ్గర ఏదో వేరేది రాశారు. నేను ఆసియా అని ఎంచుకున్నంతసేపూ వాడు దొరకలేదు.

అన్నిటికంటే నమ్మకమైనది ఎస్ఐడీ నంబరు. టెక్సాస్‌లో మొదటిసారి అరెస్టయినప్పుడు రాష్ట్రం ఇచ్చే నంబరు అది, ఇక మారదు. టీడీసీజే నంబరు మాత్రం కొత్త శిక్షతో లోపలికి వెళ్లినప్పుడల్లా కొత్తది ఇస్తారు. కౌంటీ జైలు సైట్‌లో మీరు చూసిన నంబరు ఈ రెండూ కాకపోవచ్చు. దాంతో ఇక్కడ వెతికి లాభం లేదు. ఎస్ఐడీ కావాలంటే కోర్టు తీర్పు కాగితం చూడండి. పైభాగంలో 'స్టేట్ ఐడీ నంబర్' అని ఉండి, పక్కన టీఎక్స్‌తో మొదలవుతుంది. ఆ కాగితం పబ్లిక్ రికార్డు. లాయరు ఎత్తకపోతే శిక్ష వేసిన కౌంటీలో డిస్ట్రిక్ట్ క్లర్క్ ఆఫీసులో, అంటే కోర్టు రికార్డులు ఉండేచోట, మీ తమ్ముడి రూమ్మేట్‌ను అడగమనండి.

మీరు వెతికినందుకు అతనికి ఏ ఇబ్బందీ ఉండదు. లాగిన్ అవసరం లేదు, డబ్బు అసలే అవసరం లేదు. 30 డాలర్లు తీసుకున్న సైట్ నెలనెలా లాగకుండా కార్డు వెంటనే బ్లాక్ చేయించండి. ఇంకో మాట, టీడీసీజే సైట్‌లో వివరాలు పనిదినాల్లోనే మారతాయి, అవీ కనీసం ఒక రోజు పాతవి. శని, ఆదివారాల్లో గంటగంటకూ చూసి మనసు పాడుచేసుకోకండి. నేను చేసిన పని అది.

ఒంగోలు శ్రీను:

కావేరి అక్కా, దొరికాడు.

రూమ్మేట్ దగ్గర తీర్పు కాపీ ఉంది, ఫొటో తీసి పంపాడు. మీరు చెప్పినచోటే టీఎక్స్ అని నంబరు ఉంది. ఆ అంకెలు కొట్టగానే ఒక్కటే పేరు వచ్చింది. ఇంటిపేరు గడిలో వాడి పేరంతా కలిపి ఉంది, మొదటి పేరు ఎఫ్ఎన్‌యూ. నేను పది రోజుల నుంచీ ఇంటిపేరుతో వెతుకుతున్నాను.

యూనిట్ పేరు గర్నీ అని ఉంది. షాపు మధ్యాహ్నమే మూసి పిన్ని దగ్గరికి వెళ్లాను. ఫోన్‌లో ఆ పేజీ చూపిస్తే, ఇంగ్లీషు రాకపోయినా వాడి పుట్టినతేదీ అంకెలు గుర్తుపట్టి వాటి మీద వేలు పెట్టింది. చాలాసేపు తీయలేదు.

ఒక్కటి అర్థం కావడం లేదు. అందులో మూడు తేదీలున్నాయి. ఒకటి పెరోల్ అర్హత తేదీ, ఒకటి విడుదల అంచనా తేదీ, ఒకటి గరిష్ఠ శిక్ష తేదీ. చివరి రెండూ ఒకటే. పిన్నికి ఏది చెప్పాలి?

మూర్తి, షుగర్‌ల్యాండ్:

శ్రీను గారూ, నేను చాలా ఏళ్లు ఒక క్రిమినల్ లాయరు దగ్గర ఆఫీసు పని చూశాను, ఇప్పుడు రిటైరయ్యాను. నేను లాయరును కాను, కానీ ఈ తేదీలు ఎన్నో కుటుంబాలకు వివరించాను.

గరిష్ఠ తేదీ అంటే 8 ఏళ్లూ పూర్తయ్యే రోజు. పెరోల్ అర్హత తేదీ అంటే పెరోల్ బోర్డు వాళ్లు మొదటిసారి అతన్ని శిక్ష పూర్తికాకముందే షరతులతో వదలొచ్చా అని ఆలోచించగలిగే రోజు. ఆ రోజు వదిలేస్తారని కాదు. చాలామంది తల్లులు ఆ తేదీని క్యాలెండర్ మీద రాసుకుని, ఆ రోజు దాటిపోతే కుప్పకూలిపోతారు. దయచేసి మీ పిన్ని గారికి ఈ తేడా ఇప్పుడే, నెమ్మదిగా చెప్పండి.

మామూలు నేరాలకు గడిపిన రోజులు, మంచి నడతకు ఇచ్చే రోజులు కలిపి శిక్షలో పావు వంతు అయితే పెరోల్‌కు అర్హత వస్తుంది. తాగి నడిపి ప్రాణం తీసిన కేసుల్లో కారునే మారణాయుధంగా కోర్టు తేల్చడం తరచూ జరుగుతుంది. అలా తేల్చారంటే మంచి నడత రోజులు లెక్కకు రావు, సగం శిక్ష అచ్చంగా గడపాలి. అంటే 8 ఏళ్లకు 4 ఏళ్లు. తీర్పు కాగితంలో 'డెడ్లీ వెపన్' అన్న వరుస ఎదురుగా ఏం రాశారో చూడండి. చివరి రెండు తేదీలు ఒకటే ఉన్నాయంటే అదే అయ్యుంటుంది. కౌంటీ జైల్లో గడిపిన రోజులు తీర్పులో జమ చేసి ఉంటారు, అవి శిక్షలో కలుస్తాయి.

ఇంకొకటి ముందే చెప్పాలి. మీ తమ్ముడికి అమెరికా పౌరసత్వం లేదు కదా. పెరోల్ వచ్చిన రోజున ఇమిగ్రేషన్ వాళ్లు తీసుకెళ్లే అవకాశం ఎక్కువ. అప్పుడు టీడీసీజే సైట్‌లో పేరు మళ్లీ మాయమవుతుంది. ఇప్పుడు పడ్డ భయం అప్పుడు పడకండి. ఐస్ వాళ్లకు, అంటే ఆ ఇమిగ్రేషన్ వాళ్లకు, మనిషిని వెతికే వేరే సైట్ ఉంది, దాన్ని లొకేటర్ అంటారు. అందులో ఇమిగ్రేషన్ వాళ్లు ఇచ్చే 9 అంకెల 'ఏ' (ఇంగ్లీషు A) నంబరు, పుట్టిన దేశం ఇస్తే చాలు. ఆ 'ఏ' నంబరు అతన్నే అడిగి ఇప్పుడే రాసి పెట్టుకోండి. హ్యూస్టన్‌లో మన కాన్సులేట్ ఉంది. తమ దేశపు కాన్సులేట్‌తో మాట్లాడే హక్కు విదేశీ ఖైదీకి ఉంటుంది, 1963 వియన్నా ఒప్పందంలో ఉన్న మాట అది. అతను అడగాలి, మీరూ ఈమెయిల్ చేయండి.

ఒంగోలు శ్రీను:

మూర్తి గారూ, చూశాను. మీరు చెప్పిన వరుస ఎదురుగా అవును అని ఉంది. పిన్నికి నిజమే చెప్పాను. 'నాలుగేళ్లు అయ్యాక అడుగుతారు, ఇస్తారో లేదో తెలియదు' అన్నాను. తలూపింది. తర్వాత అడిగింది, చనిపోయినాయన పిల్లలు ఎంత వాళ్లు అని. వాడికి శిక్ష పడ్డాక పిన్ని ఆ మాట అడగడం అదే మొదటిసారి.

బాబాయి ఉత్తరం రాస్తానంటున్నాడు. తెలుగులో రాయొచ్చా అక్కా? ఆయనకు ఇంగ్లీషు రాదు.

కావేరి, హ్యూస్టన్:

రాయొచ్చు శ్రీనూ. మా అమ్మ రాసినవన్నీ తెలుగులోనే. వేరే భాష అని కొంచెం ఆలస్యంగా చేరేవి, కానీ చేరేవి. ఇప్పుడు మామూలు ఉత్తరాలు నేరుగా యూనిట్‌కు పంపకూడదు. ఒకచోటికి పంపితే స్కాన్ చేసి ట్యాబ్లెట్‌లో చూపిస్తారు. ఆ చిరునామా టీడీసీజే సైట్‌లోనే ఉంటుంది. కవరు మీద పేరు రికార్డులో ఎలా ఉందో అలాగే రాయండి, ఎఫ్ఎన్‌యూతో సహా, పక్కన టీడీసీజే నంబరు. బాబాయి గారికి నచ్చకపోయినా సరే, మన పిలుపు పేరు లోపల ఉత్తరంలో రాసుకోమనండి.

నీలం పెన్సిల్‌తోనో, సన్నటి బాల్‌పెన్‌తోనో వద్దు. నల్ల ఇంకుతో, కొంచెం పెద్ద అక్షరాలతో రాయమనండి. స్కాన్‌లో మన ఒత్తులు, గుణింతాలు కలిసిపోతాయి. ఒకసారి మా తమ్ముడు అడిగాడు, 'అమ్మకు ఒంట్లో బాగుందని రాసిందా, బాగోలేదని రాసిందా' అని.

రూమ్మేట్‌కు వెళ్లి చూసే ఉద్దేశం ఉంటే అతని పేరు విజిటింగ్ లిస్టులో ఉండాలి. ఆ లిస్టు మీ తమ్ముడే ఇవ్వాలి, పది మంది వరకే. మొదటి ఉత్తరంలోనే ఆ మాట రాయండి. వెళ్లే ముందు రోజు యూనిట్ మారిందేమో ఆ పేజీ మళ్లీ చూసుకోమనండి. మేము ఒకసారి మూడున్నర గంటలు కారు నడుపుకుంటూ వెళ్తే, వాణ్ణి రెండు రోజుల ముందే వేరే యూనిట్‌కు మార్చారని గేటు దగ్గర చెప్పారు.

ఒంగోలు శ్రీను:

అక్కా, ఉత్తరం ఇవాళ స్పీడ్ పోస్టులో వేశాం. నాలుగు పేజీలు, నల్ల ఇంకు. 'ఏ' నంబరు, విజిటింగ్ లిస్టు సంగతి నేను చివర రాశాను. కాన్సులేట్‌కు ఈమెయిల్ కూడా పంపాను. మీ ఇద్దరికీ పిన్ని నమస్కారాలు చెప్పమంది. ఫోన్ వస్తే ఇక్కడ రాస్తాను.