వజ్ఝల, ఒజ్ఝల, వొజ్జల: ఒక ఇంటిపేరు జాడ

మిత్రులారా, మొన్న ఈ చర్చలో ఒకరు "వజ్ఝల వారంటే పూర్వం వజ్రాల వ్యాపారం చేసినవారా?" అని అడిగారు. ఇద్దరు ముగ్గురు అవునన్నారు. అది మా ఇంటిపేరే. పదేళ్లుగా దాని జాడ వెతుకుతున్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను, ఓపికగా చదవండి.

వజ్రానికీ ఈ పేరుకీ ఏ సంబంధమూ లేదు. దీని మూలం ఉపాధ్యాయ శబ్దం. సంస్కృతంలోని ధ్య ప్రాకృతంలో మాట నడుమ జ్ఝ అవుతుంది. మధ్య అన్నది మజ్ఝ అయినట్టే ఉపాధ్యాయ అన్నది ఉవజ్ఝాయ అయింది. జైనుల నమస్కార మంత్రం విన్నవారికి ఈ మాట కొత్త కాదు: "ణమో ఉవజ్ఝాయాణం", ఉపాధ్యాయులకు నమస్కారం. ఒక జైన మిత్రుడి ఇంట్లో మొదటిసారి ఆ మంత్రం విన్నప్పుడు మా ఇంటిపేరుతో ఎవరో పిలిచినట్టు ఉలిక్కిపడ్డాను. ఆ రోజు నుంచే ఈ వెతుకులాట మొదలైంది.

ఉవజ్ఝాయ తెలుగులో ఒజ్జ అయింది. సంధ్య సంజ అయినప్పుడు ఒత్తు, అంటే ఝను ఒత్తి పలకడం, ఎలా పోయిందో ఇక్కడా అలాగే పోయింది. ఒజ్జ అంటే గురువు. పిల్లలు దిద్దుకోవడానికి గురువు రాసి ఇచ్చే మేలుబంతికి ఒజ్జబంతి అని పేరు. హిందీ ప్రాంతంలోని ఓఝా, తమిళుల వాత్తియార్ కూడా ఈ ఉపాధ్యాయ సంతానమే. గౌరవానికి ఒజ్జలు అంటే, వారి ఇల్లు ఒజ్జల వారి ఇల్లు. కందుకూరు కందుకూరి అయినట్టే ఒజ్జలు ఒజ్జల అయి ఇంటిపేరుగా నిలబడింది.

మరి వజ్ఝలలో ఆ వ ఎక్కడిది? ఒత్తు మళ్లీ ఎలా వచ్చింది? మా ఇంటి కాగితాలు నాకు ఉపయోగపడింది ఇక్కడే.

పెదనాన్నగారి ఇంట్లో అటక మీద ఒక తాటాకు పుస్తకం దొరికింది. చివరి ఆకులో, రాయించుకున్న మా పూర్వీకుడిని పొగుడుతూ ఒక ఉత్పలమాల ఉంది. పద్యం ఇంటిపేరుతోనే మొదలవుతుంది. రాయసకాడు దాన్ని "వొజ్ఝల" అని రాశాడు. ఉత్పలమాలలో మొదటిది భగణం, అంటే ఒక గురువు, రెండు లఘువులు. జ్ఝ ద్విత్వమైతేనే మొదటి అక్షరం గురువవుతుంది. "వఝల" అని రాస్తే మూడూ లఘువులే, పాదం కుంటుతుంది. కాబట్టి ద్విత్వం ఖాయం. ఇక యతి చూడండి, అంటే పాదం మొదటి అక్షరానికీ పదో అక్షరానికీ కుదరవలసిన పొత్తు. పదో అక్షరం "డొప్పెడి" అన్నచోట డొ. అది డు, ఒ కలిసిన సంధి. డకారం వకారంతో యతికి నిలవదు, ఒ మాత్రం ఒతో నిలుస్తుంది. అంటే పద్యం చెప్పిన కవి నోట ఉన్నది ఒజ్ఝల, రాసిన చేతికి వచ్చింది వొజ్ఝల. రాయసకాడు మార్చినదాన్ని యతి పట్టి ఇచ్చింది. ఆ ఆకును దీపం దగ్గర పెట్టుకుని గణాలు లెక్కపెట్టిన రాత్రి నాకు కలిగిన సంతోషం చెప్పలేను.

తెలుగు మాటల మొదట వు వూ వొ వో లు లేవని చిన్నయసూరి బాలవ్యాకరణంలో సూత్రం చేశారు. వాడుకలో మాత్రం వొకటి, వొళ్లు, వొడ్డు అని పాత కాగితాల నిండా కనిపిస్తాయి. నోరు ఒకారానికి ముందు వకారాన్ని చేర్చుకుంటుంది. ఆ వొ కాలక్రమంలో వ అయింది. వడ్లను ఒడ్లు అనీ, వరిని ఒరి అనీ అనే ఊళ్లున్నాయి కదా, ఈ మార్పు రెండు వైపులా నడుస్తుంది. ఒజ్ఝల, వొజ్ఝల, వజ్ఝల: మెట్లు ఈ వరుసలోనే ఉన్నాయని నా నమ్మకం. ఒత్తు సంగతికి వస్తే, జనం ఒజ్జ అన్నా, ప్రాకృతం చదువుకున్న ఇళ్లవారు ఉవజ్ఝాయలోని ఝను విడిచిపెట్టలేదనుకుంటాను.

రెండో సాక్ష్యం ఇనాం రిజిస్టరు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో ఇనాం కమిషన్ ఏర్పడి, ఊరూరా మాన్యాలను విచారించి ఇంగ్లీషులో రిజిస్టర్లు రాయించింది. అనుభవదారు పేరు, వయసు, మొదట మాన్యం పొందినవాడితో బంధుత్వం వంటివన్నీ అందులో ఉంటాయి. పొలం కాగితాల కోసం చూసేవారే ఎక్కువ కానీ, వంశం వెతికేవారికి అది పెన్నిధి. మా ఊరి పుటలో మా పేరు వి, ఓ, ఆ తరవాత రెండు జెడ్‌లతో ఉంది. మొదట చూసినప్పుడు గుమాస్తా తప్పు రాశాడనుకున్నాను. తరవాత ఆలోచిస్తే, ఆయన విన్నది విన్నట్టే రాశాడని తెలిసింది. వి పక్కన ఓ ఉందంటే ఊళ్లో వొ అనే పలికారు. రెండు జెడ్‌లున్నాయంటే ఆయన చెవిన పడింది దంత్య జకారం. తెలుగు మాటల్లో అకారంతో కూడిన జ దంత్యమే కదా, జల్లెడలో పలికినట్టు. ఝకు ఆ పలుకుబడి లేదు. అంటే పండితుల ఆకులో జ్ఝ ఉన్న రోజుల్లోనే ఊరి జనం నోట దంత్యపు ఒజ్జ బతికి ఉంది. తెలుగు లిపిలో జ అని రాస్తే ఈ తేడా తెలిసేది కాదు. పరాయి లిపి దాన్ని కాపాడి పెట్టింది.

మూడోది గయ పండా దగ్గరి బహీ, అంటే యాత్రికుల పేర్లు రాసుకునే అక్కడి పురోహితుడి పుస్తకం. మా ముత్తాతగారు స్వహస్తంతో సంతకం చేశారు. అక్కడ "వఝల", ఒకే ఝ. ఝ అసలే బరువైన అక్షరం, దానికి ముందు ఇంకో జ ఎందుకని వదిలేసి ఉంటారు. బాలవ్యాకరణానికి వ్యాఖ్య రాసిన వజ్ఝల చినసీతారామస్వామిశాస్త్రిగారి ఇంటిపేరు కూడా వఝల అని కొన్నిచోట్ల కనిపిస్తుంది. వ్యాకరణవేత్త పేరుకే రెండు రూపాలున్నప్పుడు మనలో ఎవరిది తప్పని అనగలం?

మా నాన్నగారి బడి రిజిస్టరులో అది "వజ్జల" అయింది. అక్కడి నుంచి మా ఇంట్లో సగం మంది వజ్జల, సగం మంది వజ్ఝల.

ఇప్పుడు నిన్నటి ప్రశ్నకు వస్తాను. "అయితే ఒజ్జల వారు, వజ్ఝల వారు ఒకే కుటుంబమా?" అని అడిగారు. మాట ఒకటే, కుటుంబం ఒకటే అని మాత్రం చెప్పలేం. ఒజ్జ వృత్తిని బట్టి వచ్చిన పేరు. ఏ ఊళ్లో చదువు చెప్పేవారుంటే ఆ ఊళ్లో అది ఇంటిపేరుగా పుట్టి ఉండవచ్చు. పైగా ఈ మాట ఒక కులానికి పరిమితం కాలేదు. శిల్పం, లోహపు పని నేర్పిన ఆచార్యులూ ఓజులే. బేలూరు చెన్నకేశవాలయంలో పనిచేసిన శిల్పుల్లో బళ్లిగావె దాసోజ ఉన్నాడు. ఆ ఆలయ ప్రతిష్ఠ 1117లో జరిగింది. తెలంగాణలో దాసోజు, మారోజు అనే విశ్వకర్మల ఇంటిపేర్లు ఈనాటికీ ఉన్నాయి. ఆ ఓజు, మా ఒజ్జ ఒకే గురువు నుంచి వచ్చిన మాటలు. నాకది ఎంతో గౌరవంగా అనిపిస్తుంది.

అందుకే జాడ వెతికేవారు వర్ణక్రమం ఒక్కటే పట్టుకుని కూర్చోవద్దు. గోత్రం, ఊరు, మాన్యం ఇచ్చినవారి పేరు, ఈ మూడూ కలిస్తేనే బంధుత్వం గురించి మాట్లాడండి. వెతికేటప్పుడు మాత్రం ఒ, వొ, వ మూడింటి కిందా చూడండి. నేను మొదటి రెండేళ్లూ వ దగ్గరే వెతికాను, మా పుట మాత్రం వొ దగ్గర ఉంది.

కిందటి నెల మా అన్నయ్య కొడుకు ఫోను చేశాడు. "బాబాయ్, పాపాయి జనన ధ్రువపత్రంలో ఇంటిపేరు ఎలా రాయించమంటారు?" అని అడిగాడు. వాడి చదువు కాగితాలన్నింటిలో వజ్జల అనే ఉంది. వ ఉంచినా ఒ రాయించినా నాకు అభ్యంతరం లేదన్నాను. జ కింద ఝ వత్తు మాత్రం పోనివ్వవద్దని, ఉపాధ్యాయలోని ధ్య మిగిలింది అక్కడేనని చెప్పాను. "వత్తు పెట్టే రాయిస్తాను బాబాయ్" అన్నాడు.